నలభై నాలుగు సెకన్లు

ఎనిమిదేళ్లుగా ఒక మనిషి, తన తమ్ముడి కుడిచేయి తన వల్లే పోయిందని నమ్ముతూ బతుకుతున్నాడు. అది నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి కడుపులో పెట్టుకునే ఈ ఎనిమిదేళ్లూ అన్నం తిన్నాను, నిద్రపోయాను, పెళ్లి చేసుకున్నాను, బిడ్డకు పేరు పెట్టుకున్నాను. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అంత పిరికితనం నాలో ఇంకా మిగిలి ఉంది. దాన్ని కూడా ముందే ఒప్పుకుంటున్నాను.

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లు చిప్పులకు ప్రోగ్రాములు రాశాను. అది మూతపడితే ఖమ్మం తిరిగొచ్చి ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. రఫీక్ భాయ్ పరిచయమైంది అప్పుడే. కాలిపోయిన మోటర్లకు మళ్లీ తీగ చుట్టడంలో ఆయనకు మంచి పేరు. చుట్టుపక్కల మండలాల రైతులందరికీ ఆయన మాటంటే గురి. నాకు చదువుంది, ఆయనకు మనుషులున్నారు. ఇద్దరం కలిసి ఒక పెట్టె తయారుచేద్దామనుకున్నాం.

కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. రైతు బావి దగ్గర లేకపోయినా, కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేలా స్టార్టరుకు ఒక పెట్టె బిగించుకునేవాళ్లు. దాన్ని అందరూ ఆటో అనేవాళ్లు. బజారులో దొరికే ఆటోలతో ఒక చిక్కుంది. కరెంటు రాగానే ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. మా పెట్టె కొంచెం ఆగుతుంది. కరెంటు రాగానే దాని మీద ఒక ఎర్ర బల్బు వెలుగుతుంది. అక్కడి నుంచి ఒక నిమిషమో, రెండో, ఐదో ఆగి అప్పుడు మోటరు వేస్తుంది. ఎంతసేపు ఆగాలో నాబ్ తిప్పి రైతే పెట్టుకోవచ్చు.

రైతులు ఆ ఐదు నిమిషాలకు మేము అనుకోని వాడకం ఒకటి కనిపెట్టారు. కరెంటు లేనప్పుడు బావిలోకి దిగి మోటరు పని చేసుకునేటప్పుడు ఆటో ఆపడం మానేశారు. ఆపితే మళ్లీ వేయడం గుర్తుండాలి, మరిచిపోతే ఆ పూట నీళ్లు పోయినట్టే. దాని బదులు పైన ఒక మనిషి కూర్చుంటాడు. ఎర్ర బల్బు వెలగ్గానే కేకేస్తాడు. కింద ఉన్నవాడు తీరిగ్గా ఎక్కి వస్తాడు. ఇది చూసిన రోజు నేను వద్దనాలి. ఫ్యూజులు పీకి దిగండి అని గట్టిగా చెప్పాలి. నేనేం చేశాను? నా పెట్టె మీద వాళ్లకు అంత నమ్మకం కుదిరిందని పొంగిపోయాను. కొత్త ఊళ్లలో పెట్టె బిగించినప్పుడల్లా, ఐదు నిమిషాలంటే తక్కువ కాదు, బీడీ ముట్టించి ఆఖరి దమ్ము దాకా లాగి లేవొచ్చు అని నేనే అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. అప్పట్నుంచి వాళ్లకు బీడీయే గడియారమైంది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి రావాలి. ప్రోగ్రాములు తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్తాను. ఎదుటివాళ్లకు అర్థం కాని మాటల వెనక దాక్కోవడం నాకు బాగా అలవాటు, ఈ ఒక్కసారికి ఆ పని చేయను.

చిప్పులో ప్రతి అంకెకూ ఒక గది ఇవ్వాలి. చిన్న గదిలో రెండు వందల యాభై ఐదు దాకానే పడుతుంది. పెద్ద గదిలో అరవై ఐదు వేలు దాటి పడుతుంది. మేము సి భాషలో రాసింది చిప్పుకు అర్థమయ్యేలా మార్చడానికి కంపైలర్ అని ఒకటుంటుంది. సి లో ‘ఇంట్’ అనే మాటకు ఒక కంపైలర్ పెద్ద గది ఇస్తుంది, ఇంకొకటి చిన్న గది ఇస్తుంది. ఈ గోల లేకుండా మాలాంటివాళ్లు గదులకు సొంత పేర్లు పెట్టుకుని, ఏ పేరుకు ఎంత గదో ఒక ఫైలులో రాసిపెట్టుకుంటారు. నా ఫైలులో పెద్ద గది పేరు యు-సిక్స్‌టీన్. యు-సిక్స్‌టీన్ అంటే ఇంట్ అని అందులో రాసి ఉంది. హైదరాబాదులో వాడిన చిప్పుకు అది సరైనదే.

మా పెట్టె కోసం వేరే చిప్పు తీసుకున్నాం. దాని కంపైలర్‌కు ఇంట్ అంటే చిన్న గది. దానితో వచ్చిన ఫైలులోనూ యు-సిక్స్‌టీన్ అనే పేరే ఉంది. కాకపోతే అందులో దానికి అర్థం ‘లాంగ్’. అక్కడ పెద్ద గది అదే. ఒకే పేరు, రెండు అర్థాలు. రెండు ఫైళ్లూ కలిపేసరికి కంపైలర్ ఒప్పుకోలేదు. ఈ పేరు ఇదివరకే ఉంది, మళ్లీ వేరేగా చెప్తున్నావేమిటని ఆగిపోయింది. ఆ రెండు లైన్లూ పక్కపక్కన పెట్టుకుని, ఎందుకు తేడాగా ఉన్నాయని ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది. ఆలోచించలేదు. ఎవరో రాసిన ఫైలు కంటే నేను రాసుకున్నదాని మీదే నాకు నమ్మకం. వాళ్ల లైను ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టి అది చెల్లకుండా చేశాను. కంపైలర్ నోరు మూసుకుంది. తరువాత చిన్న చిన్న హెచ్చరికలు వరసగా వస్తుంటే చిరాకేసి, అవి కూడా కనిపించకుండా ఆపేశాను.

ఐదు నిమిషాలంటే మూడు వందల సెకన్లు. మూడు వందలు చిన్న గదిలో పట్టదు. రెండు వందల యాభై ఆరు పోగా మిగిలిన నలభై నాలుగే అందులో నిలుస్తుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఆ గదిలో పడతాయి కాబట్టి అవి రెండూ సరిగ్గా పనిచేశాయి. వాచీ చూసుకుంటూ రెండూ పరీక్షించాను. ఐదు నిమిషాలది పెట్టి చాయ్ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి మోటరు బదులు పెట్టిన బల్బు వెలుగుతోంది. రిజిస్టరులో ఐదుకు ఎదురుగా టిక్కు పెట్టేశాను. ఐదు నిమిషాలు ఒకచోట కూర్చుని చూసే ఓపిక నాకు లేకపోయింది. ఆ చాయ్‌ని నేను ఎన్ని వందల సార్లు తలుచుకుని ఉంటానో.

సోమయ్య, ఐలయ్య అన్నదమ్ములు. వాళ్లది భద్రాచలం అడవి అంచున, రోడ్డు దిగి వాగు దాటితే వచ్చే ఊరు. మిరప తోటలు. ఇద్దరికీ కలిపి ఒకటే బావి, ఒకటే మోటరు. బావిలో సగం లోతున రాతి గట్టు మీద మోటరు, పక్కనే పంపు, రెండింటినీ కలిపి తిప్పే ఇనుప కప్లింగు ఉండేవి. దాని మీద మూత ఉండాలి. చాలా బావుల్లో లేనట్టే అక్కడా లేదు. అంతకుముందు ఏడాది తోటలకు నీళ్లు పెట్టుకునే వంతుల దగ్గర అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. పెద్ద గొడవ కాదు, ఊళ్లో అందరి ఇళ్లలో ఉండేదే. కానీ తరువాత అది కూడా లెక్కలోకి వచ్చింది.

ఆ రోజు పొద్దున కరెంటు పోయాక, కప్లింగు బోల్టు వదులైందని ఐలయ్య బావిలోకి దిగాడు. సోమయ్య పైన పెట్టె దగ్గర కూర్చున్నాడు. నాబ్ ఐదు మీద ఉంది. ఎర్ర బల్బు వెలగ్గానే సోమయ్య కేకేశాడు. ఒక్క బోల్టే మిగిలింది అన్నాడు తమ్ముడు. ఐదు నిమిషాలుంది, నిమ్మళంగా బిగించుకొని రా అన్నాడు అన్న. అని, బీడీ ముట్టించాడు. అది సగం కూడా కాలకముందే కింద మోటరు లేచింది.

ఐలయ్య కుడిచేయి మణికట్టు పైదాకా నలిగిపోయింది. భద్రాచలం దవాఖానాలో చేయి తీసేశారు.

మర్నాడు ఆ కబురు రఫీక్ భాయ్ షాపుకు వచ్చింది. మన డబ్బాది ఏం తప్పు లేదు కదా భాయ్ అని ఆయన అడిగాడు. లేదన్నాను. వెంటనే అన్నాను. అన్న తరువాతే గదికి పోయి, అదే తడవలో చేసిన ఒక పెట్టెను ఐదు మీద పెట్టి, వాచీ చేతిలో పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. నలభై నాలుగో సెకనుకు, మోటరుకు కరెంటు కలిపే రిలే టక్కుమంది. మళ్లీ పెట్టాను. మళ్లీ నలభై నాలుగే. ఫైలు తెరిచి ఆ లైను చూడగానే, ఆ రెండు గీతలు చూడగానే, తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. ఆ క్షణానికి నేను చేసింది ఇంకా పొరపాటే. అప్పుడు లేచి పోయి చెప్పి ఉంటే పొరపాటు చేసినవాడిగానే మిగిలేవాణ్ణి.

మూడో రోజు రఫీక్ భాయ్, నేను దవాఖానాకు పోయాం. రఫీక్ భాయ్ లోపలికి వెళ్లి ఐలయ్య మంచం దగ్గర నిలబడ్డాడు. నాకు లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు. బయట గోడ వారగా సోమయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు. నన్ను నిలదీయడానికి వస్తున్నాడనుకున్నాను. ఆయన నిలదీయలేదు. సంగతి తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

“సారూ, బల్బు ఎలిగినంకనే బీడీ ముట్టిచ్చిన. సగం గూడ కాలలే. గింతలనే మోటర్ ఎట్ల తిరిగింది?”

నిజం అప్పటికే నా నోటిదాకా వచ్చి ఉంది. దాని బదులు ఈ మాట వచ్చింది:

“గాబరాల టైం తెల్వదు సోమన్నా. మనకు గింతనే అయినట్టుంటది. డబ్బా తప్పది. ఐదు నిమిషాలు అయిపోయినయ్, నువ్వే చూసుకోలే.”

ఆయన నా మొహం వైపు చూశాడు. నేను అబద్ధమాడతానేమోనన్న అనుమానం ఆ కళ్లలో లేదు. తనను తానే వెతుక్కుంటున్నాడు. తరువాత మెల్లగా తలూపాడు.

“అవ్. గట్లనే అయ్యుంటది.”

అంత తేలిగ్గా నమ్మాడు. ఎందుకు నమ్మాడు? చదువుకున్నవాడు చెప్పాడని. వాదిస్తాడనుకుని నేను మనసులో ఇంకో నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. అవి అక్కర్లేకుండా పోయాయి.

ఇంతటితో ఆగిపోయినా బాగుండేది. ఆగలేదు. ఐలయ్య భార్య ఊళ్లో అందరి ముందూ, అన్న కావాలనే తమ్ముణ్ణి కింద ఉంచాడని అంది. నీళ్ల వంతుల గొడవ తీసింది. సోమయ్య తన లెక్క తప్పిందని ఒప్పుకున్నాడు గానీ, కావాలని చేశానంటే మాత్రం తట్టుకోలేకపోయాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. డబ్బాను అందరి ముందూ పరీక్షిద్దాం, అది సరిగ్గా లేకపోతే సోమయ్య మీద ఏ మాటా ఉండదు అన్నారు. ఆయనకు మిగిలిన దారి అదొక్కటే.

పరీక్షకు ముందు రోజు నేను ఆ ఊరికి పోయాను. వైర్లు వదులయ్యాయేమో చూస్తానని చెప్పి, పెట్టె విప్పి, చిప్పు మార్చాను. కొత్త చిప్పులో ఆ లైను సరిచేసి ఉంది. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎంతో ఏకాగ్రతగా చేశాను. నా బతుకులో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదేమో. తీసిన చిప్పును తిరిగి వచ్చేటప్పుడు వాగులో పారేశాను.

మర్నాడు బావి చుట్టూ ఊరు ఊరంతా నిలబడింది. మెయిన్ ఆపి మళ్లీ వేశారు. ఎర్ర బల్బు వెలిగింది. ఒక పెద్దాయన చేతిలో వాచీ ఉంది. సోమయ్య, ఆ రోజు ఎలా చేశాడో అలాగే చేస్తానని, అదే రాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఒక నిమిషం పోయింది. సోమయ్య పెట్టె వైపు చెవి పెట్టి వింటున్నాడు. ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని ఎదురుచూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. రెండో నిమిషం. బీడీ సగానికి వచ్చింది. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను నేల చూపులు చూశాను. నోరు తెరిస్తే చాలు, ఆపండి అంటే చాలు, ఒక్క మాట. మూడో నిమిషం. నాలుగు. బీడీ మొదలు దాకా కాలింది. వేళ్లు కాలుతున్నా ఆయన దాన్ని వదల్లేదు. అది ఆరిపోయాక కూడా ఐదు నిమిషాలకు ఇంకా కాస్త మిగిలింది. అప్పుడు మోటరు లేచింది. సరిగ్గా ఐదు నిమిషాలు అన్నాడు వాచీ పట్టుకున్న పెద్దాయన.

సోమయ్య లేచి, కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తమ్ముడి ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు. ఐలయ్య మొహం అటు తిప్పుకున్నాడు. ఆ తరువాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదని విన్నాను. బావి తమ్ముడికే వదిలేసి, సోమయ్య భార్యతో అశ్వారావుపేట వెళ్లిపోయాడు. పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలికి కుదిరాడు.

నేను ఆ నెలంతా ఊరూరూ తిరిగి మిగిలిన పెట్టెలన్నింటికీ చిప్పులు మార్చాను. ఉచిత సర్వీసు అని చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు, మజ్జిగ ఇచ్చారు. ఇంకెవరి చేయీ పోకుండా చూశాను కదా అని చాలా రోజులు సర్దిచెప్పుకున్నాను. చేసిన ఆ ఒక్క మంచి పని కూడా దొంగలా చేశాను. రఫీక్ భాయ్‌కి ఈనాటికీ ఏమీ తెలియదు. ఆయన షాపు, ఆయన పేరు దెబ్బతినకూడదనే నోరు మూసుకున్నానని ఇంకొన్నాళ్లు అనుకున్నాను. అదీ నిజం కాదు. చెప్పి ఉంటే ఆయన నన్ను నాలుగు తిట్టి, నాతో పాటు ఆ ఊరికి వచ్చి నిలబడేవాడు. ఆయన అలాంటి మనిషి. జైలుకు పోతానని భయపడ్డానా? కొంచెం. అంతకన్నా ఎక్కువ భయం ఇంకొకటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు సారు రెండు లైన్లు పక్కపక్కన పెట్టి చూసుకోలేకపోయాడని పదిమందికి తెలియడం. దాని కోసం. ఒక మనిషి తనను తాను అసహ్యించుకుంటూ బతికేలా చేసింది నా ఆ కాస్త గొప్ప కోసం. ఇది రాస్తుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.

పోయిన నెల ఒక పని మీద అశ్వారావుపేట పోయాను. బస్సు కోసం నిలబడి ఉంటే, సారూ అని వెనక నుంచి పిలుపు. సోమయ్య. జుట్టు తెల్లబడింది, మనిషి చిక్కిపోయాడు. పారిపోదామనుకున్నాను, కానీ ఆయన అప్పటికే నా చేతి సంచి అందుకుని పట్టుకున్నాడు. రఫీక్ భాయ్ బాగున్నాడా అని అడిగాడు. పెళ్లయిందా, పిల్లలెంతమంది అని అడిగాడు. బీడీలు మానేశానన్నాడు. తరువాత చొక్కా జేబులోంచి పట్టీ తెగిన ఒక వాచీ తీసి చూపించాడు.

“రోజూ లెక్కవెడ్త సారూ. కండ్లు మూసుకొని, ఐదు నిమిషాలైనయ్ అనిపించినప్పుడు దీన్ని తీసి చూస్త. ఎన్నడు తప్పలే. గా దినమే ఎట్ల తప్పిన్నో సమజయితలేదు.”

నన్ను అనుమానించి అడగలేదు. ఎనిమిదేళ్లయినా. ఎప్పుడూ సరిగ్గానే లెక్కపెట్టగలిగినవాడు ఆ ఒక్క రోజు ఎందుకు తప్పాడన్నది ఆయనకు విడని ముడి. అది విడితే తమ్ముడికి ఏదో చెప్పుకోవచ్చన్న ఆశ ఆ మొహంలో ఇంకా ఉంది. ఐలయ్య ఊళ్లోనే ఉన్నాడట, ఎడమచేత్తోనే పాదులు తవ్వుతాడట. ఎవరో చెప్తే విన్నాడట. తాను మాత్రం పోలేదు. ఏం మొహం పెట్టుకుని పోను సారూ అన్నాడు. నేనేమన్నానో తెలుసా? బస్సొచ్చింది అన్నాను. ఆయన నా సంచిని లోపల సీటు మీద పెట్టి, జాగ్రత్తగా పొమ్మని చెప్పి దిగాడు.

ఆ బస్సులో ఖమ్మం దాకా ఎలా వచ్చానో గుర్తు లేదు. తరువాత రెండుసార్లు అశ్వారావుపేటకు బయలుదేరాను. ఒకసారి సత్తుపల్లిలో దిగిపోయి వెనక్కొచ్చేశాను. ఇంకోసారి గడప కూడా దాటలేదు. వెళ్లి చెప్తే ఏమవుతుంది? కొట్టొచ్చు. కేసు పెట్టొచ్చు. అవి రెండూ నాకు కావలసినవే. పోయిన ఎనిమిదేళ్లు ఎవరిస్తారు సారూ అని ఆయన మెల్లగా అడిగితే? దానికి మీ దగ్గర జవాబుందా? ఉండదు. అడగడం కూడా తప్పే.

అందుకని ఇక్కడ చెప్తున్నాను, చుట్టూ తిప్పకుండా. ఆ రోజు ఎర్ర బల్బు వెలిగాక మోటరు తిరగడానికి పట్టింది నలభై నాలుగు సెకన్లు. తమ్ముణ్ణి నిమ్మళంగా రమ్మన్నప్పుడు సోమయ్య తప్పు చెప్పలేదు, నేను చెప్పిన మాటే చెప్పాడు. ఊరంతా చూసిన పరీక్షలో ఆ పెట్టెలో ఉన్నది ఆ రోజు నాటి చిప్పు కాదు. దాన్ని మార్చింది నేను. ఐలయ్య చేయి పోవడానికి కారణం నేను, వాళ్లిద్దరూ విడిపోవడానికి కారణం కూడా నేను.

రాశాను. ఎనిమిదేళ్ల తరువాత గుండెల నిండా ఊపిరి పీల్చగలుగుతున్నాను. దానికి కూడా సిగ్గేస్తోంది, ఎందుకంటే ఈ మాట ముందు వినాల్సింది మీరు కాదు. ఇప్పుడు మధ్యాహ్నం. గెలలు కోసేవాళ్లు అన్నాలకు ఆగే వేళ. ఆయన ఏదో ఒక పామాయిల్ చెట్టు నీడన కూర్చుని, వాచీ జేబులో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంటాడు.